ఏ ప్రపంచానికి ఛాంపియన్? టైటిల్ ఫైట్‌కి ముందు వేసుకోవాల్సిన లెక్కలు

మా బావ గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టుకి గుమాస్తా. మొన్నమొన్నటిదాకా క్రికెట్ తప్ప ఇంకో ఆట ఎరగడు. ఫోన్‌లో నాకౌట్ వీడియోలు చూసిచూసి ఈమధ్య బాక్సింగ్ పిచ్చి పట్టింది. ఎక్కడో లాస్ వేగాస్‌లోనో రియాద్‌లోనో టైటిల్ ఫైట్ ఉందని తెలిస్తే చాలు, వారం ముందునుంచే బ్రాడీపేటలో మా ఇంటి మెట్లెక్కుతూ అడిగే మాట ఒకటే: "ఏం బావా, ఎవడు కొడతాడు?"

ఈసారి నేనూ ఒక ప్రశ్న వేశాను. "అసలు దేనికోసం కొట్టుకుంటున్నారు?"

"ప్రపంచ ఛాంపియన్‌షిప్ కోసం."

"ఏ ప్రపంచం?"

టీ గ్లాసు కింద పెట్టి అదోలా చూశాడు. ఎగతాళి చేస్తున్నాననుకున్నాడు. బాక్సింగులో అది నిజంగా అడగాల్సిన ప్రశ్న. గంట కొట్టాక రింగులో జరిగేది అందరికీ కనిపిస్తుంది. అంతకుముందే కాంట్రాక్టు కాగితాల్లో, కాటా మీద, జడ్జీల కుర్చీల దగ్గర సగం సంగతి తేలిపోయి ఉంటుంది. ప్రివ్యూలు రాసేవాళ్ళు చేతుల పొడవు, పాత నాకౌట్లు ఏకరువు పెట్టి ఆ సగాన్ని వదిలేస్తుంటారు. ఆ సాయంత్రం బావకి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

ఒక సింహాసనం, నలుగురు రాజులు

క్రికెట్‌కి ఐసీసీ, ఫుట్‌బాల్‌కి ఫిఫా ఉన్నట్టు ప్రొఫెషనల్ బాక్సింగుకి ఒకే పెద్దదిక్కు లేదు. నాలుగు సంస్థలున్నాయి. అన్నిట్లోకీ పాతది వరల్డ్ బాక్సింగ్ అసోసియేషన్, అంటే డబ్ల్యూబీఏ. 1921లో అమెరికాలో వేరే పేరుతో మొదలై, 1962లో ఈ పేరు పెట్టుకుంది. మరుసటి ఏడాదే, 1963లో, మెక్సికో సిటీలో వరల్డ్ బాక్సింగ్ కౌన్సిల్, అంటే డబ్ల్యూబీసీ, పుట్టింది. ఆకుపచ్చ బెల్టు వీళ్ళదే. 1983లో ఇంటర్నేషనల్ బాక్సింగ్ ఫెడరేషన్ (ఐబీఎఫ్), 1988లో వరల్డ్ బాక్సింగ్ ఆర్గనైజేషన్ (డబ్ల్యూబీఓ) వచ్చాయి. ఒకరితో ఒకరికి పొసగక వేరుకుంపట్లు పెట్టుకున్నారన్నమాట. ప్రతి ఒక్కరూ తమ బెల్టు కట్టుకున్నవాడే ప్రపంచ ఛాంపియన్ అంటారు.

ప్రొఫెషనల్ బాక్సింగులో బరువు తరగతులు 17. అన్నిటికంటే కిందది 105 పౌండ్లు, అంటే సుమారు 47.6 కిలోలు. అన్నిటికంటే పైది హెవీవెయిట్, 200 పౌండ్లు దాటిన వాళ్ళందరికీ. 17ని నాలుగుతో గుణించండి. ఒకే రోజున 68 మంది ప్రపంచ ఛాంపియన్లు ఉండొచ్చు. అదీ చాలదన్నట్టు 2020లో డబ్ల్యూబీసీ 18వ తరగతిని కూడా తెరిచింది.

ఎందుకిలా? నేను కొంచెం చెప్పేసరికి మిగతాది బావే అందుకున్నాడు. ఈ సంస్థలు మ్యాచ్ పెట్టవు. మ్యాచ్ పెట్టేది ప్రమోటర్. టీవీ వాళ్ళతో మాట్లాడేది, హాలు తీసుకునేది, బాక్సర్లకి డబ్బు కట్టేది అంతా అతనే. సంస్థ చేసే పని ర్యాంకులు వేయడం, ఈ మ్యాచ్ మా టైటిల్‌కి అని ముద్ర వేయడం. ఆ ముద్రకి బాక్సర్ల పారితోషికంలోంచి సుమారు 3 శాతం ఫీజు పుచ్చుకుంటుంది.

"మా కొట్టులాగే," అన్నాడు బావ. "కాయ పండించేది రైతు, కొనేది ఎగుమతిదారుడు. మధ్యలో మాది కమీషన్. ఎన్ని బస్తాలు కదిలితే అంత."

ఇంతకంటే బాగా నేను చెప్పలేను. టైటిల్ మ్యాచ్‌లు ఎన్ని ఎక్కువైతే ఫీజు అంత ఎక్కువ. అందుకే ఒక్కో సంస్థ దగ్గరా ఒకే తరగతిలో రెండు మూడు రకాల ఛాంపియన్లు కనిపిస్తారు. డబ్ల్యూబీఏకి 'సూపర్' ఛాంపియన్ ఉంటాడు, అతని కింద మామూలు ఛాంపియన్ ఉంటాడు. అసలువాడు గాయంతోనో గొడవతోనో ఆడకపోతే 'ఇంటరిమ్', అంటే తాత్కాలిక ఛాంపియన్‌ని నిలబెడతారు. డబ్ల్యూబీసీ 2019లో మెక్సికో బాక్సర్ కనెలో అల్వారెజ్ కోసం 'ఫ్రాంచైజ్ ఛాంపియన్' అని కొత్త పీట వేసింది. పోస్టర్ మీద 'వరల్డ్ టైటిల్' అన్న అక్షరాల పక్కన ఈ చిన్నమాటల్లో ఏదైనా ఉందేమో వెతకడం మొదటి పని. తేజ రకం మిర్చి అని చీటీ అంటించినంత మాత్రాన బస్తాలో తాలు కాయ లేదని కాదుగా.

నాలుగు బెల్టులూ ఒక్కడే గెలిస్తే అతన్ని 'అన్‌డిస్ప్యూటెడ్' అంటారు. మన భాషలో తిరుగులేని ఛాంపియన్. పురుషుల్లో నాలుగూ ఒకేచోట చేర్చిన మొదటివాడు బెర్నార్డ్ హాప్కిన్స్, 2004లో మిడిల్‌వెయిట్‌లో. హెవీవెయిట్‌లో ఆ ముచ్చట తీరడానికి 2024 మే 18 దాకా ఆగాల్సి వచ్చింది. రియాద్‌లో ఆ రాత్రి యుక్రెయిన్ బాక్సర్ ఒలెక్సాండర్ ఉసిక్ బ్రిటన్ బాక్సర్ టైసన్ ఫ్యూరీని ఓడించాడు. జపాన్ బాక్సర్ నవోయా ఇనోయె రెండు తరగతుల్లో, అమెరికన్ టెరెన్స్ క్రాఫోర్డ్ మూడు తరగతుల్లో తిరుగులేనివాళ్ళయ్యారు. క్రాఫోర్డ్ మూడోది 2025 సెప్టెంబరులో, కనెలో మీద.

అన్నీ గెలిచాక హాయిగా కూర్చోవచ్చా అంటే అదీ లేదు. ప్రతి సంస్థకీ 'మాండేటరీ ఛాలెంజర్' ఉంటాడు. తమ ర్యాంకుల్లో ముందున్నవాడితో ఫలానా గడువులోగా ఆడి తీరాలని పట్టుబడతారు. నలుగురు యజమానుల దగ్గర ఒకే పాలేరు పనిచేసినట్టు ఉంటుంది పరిస్థితి. ఫ్యూరీ 2015 నవంబర్ 28న అప్పటి ఛాంపియన్ వ్లాదిమిర్ క్లిచ్కోని ఓడించి బెల్టులు తెచ్చుకున్నాడు. రెండు వారాలు తిరక్కుండానే ఐబీఎఫ్ తన బెల్టు వెనక్కి లాక్కుంది. కారణం ఏమంటే, క్లిచ్కోతో రీమ్యాచ్ ఆడతానని ఫ్యూరీ ముందే ఒప్పందం రాసిచ్చాడు, ఐబీఎఫ్ ఛాలెంజర్ వేరే మనిషి. ఉసిక్ సంగతీ అంతే. నాలుగూ గెలిచిన నెల తిరగ్గానే ఐబీఎఫ్ బెల్టు వదులుకున్నాడు, ఫ్యూరీతో రెండో మ్యాచ్ కోసం. అలా ఖాళీ అయిన కుర్చీలో రింగెక్కకుండానే కూర్చున్నవాడు డేనియల్ డుబోయిస్. 2025 జులైలో అదే డుబోయిస్‌ని వెంబ్లీలో అయిదో రౌండులో పడగొట్టి ఉసిక్ మళ్ళీ నాలుగూ తెచ్చుకున్నాడు.

కాబట్టి రాబోయే మ్యాచ్‌కి ఎన్ని బెల్టులు పెట్టారు, ఏవి పెట్టారు, ఏది పెట్టలేదు అన్నది చూస్తే ఈ మ్యాచ్ ఇప్పుడెందుకు జరుగుతోందో సగం అర్థమవుతుంది.

మనవాళ్ళ విషయంలో ఈ తికమక ఇంకా ఎక్కువ. విజేందర్ సింగ్ 2016లో ఢిల్లీలో కెర్రీ హోప్‌ని ఓడించి గెలిచింది డబ్ల్యూబీఓ 'ఆసియా పసిఫిక్' బెల్టు. గట్టి విజయమే, కానీ అది ప్రాంతీయ టైటిల్. ప్రపంచ టైటిల్‌కి దారిలో ఒక మెట్టు. ఆ తేడా తెలియక "మనోడు ప్రపంచ ఛాంపియన్" అని వాదించిన వాళ్ళతో నేనూ శంకర్ విలాస్ సెంటర్‌లో నిలబడి గొంతు పోగొట్టుకున్నాను. మన తెలుగమ్మాయి, నిజామాబాద్ నిఖత్ జరీన్‌ది పూర్తిగా వేరే దారి. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ఆమె గెలిచినవి ఒలింపిక్ తరహా ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లు. అక్కడ టోర్నమెంటు ఉంటుంది, డ్రా ఉంటుంది, వరసగా గెలుచుకుంటూ పోతేనే పతకం. మూడేసి నిమిషాల మూడు రౌండ్లు. 'నాకు వీడు వద్దు, వాడు కావాలి' అని బేరాలాడే వీలుండదు. ప్రొఫెషనల్ బాక్సింగులో బేరమే ముఖ్యం.

(ఒలింపిక్ వైపైనా అంతా సవ్యంగా ఉందనుకోకండి. పాత అంతర్జాతీయ సంస్థ ఐబీఏకి 2023లో ఒలింపిక్ కమిటీ గుర్తింపు తీసేసింది. దాని బదులు వచ్చిన వరల్డ్ బాక్సింగ్ సంస్థ 2025లో లివర్‌పూల్‌లో ప్రపంచ పోటీలు పెట్టింది. అందులో జైస్మిన్, మీనాక్షి మనకి స్వర్ణాలు తెచ్చారు. ఆ గొడవ ఇంకో వ్యాసానికి సరిపోతుంది.)

కాగితం మీద గెలిచిన మ్యాచ్

బేరం అన్నాను కదా. దీనికి నేనెప్పుడూ చెప్పే ఉదాహరణ 1987 ఏప్రిల్ 6, లాస్ వేగాస్. మార్విన్ హాగ్లర్ అప్పటికి ఏళ్ళ తరబడి మిడిల్‌వెయిట్‌ని ఏలుతున్నవాడు. ఎదురుగా షుగర్ రే లెనార్డ్. అయిదేళ్ళలో ఆడింది ఒక్కటంటే ఒక్క మ్యాచ్. చూసినవాళ్ళంతా లెనార్డ్‌కి మతి పోయిందనుకున్నారు.

లెనార్డ్ వైపువాళ్ళు డబ్బు దగ్గర తగ్గారు. హాగ్లర్‌కి గ్యారంటీ 1.2 కోట్ల డాలర్లు, లెనార్డ్‌కి 1.1 కోట్లు. డబ్బు వదులుకుని వాళ్ళు అడిగినవి మూడు: 15 రౌండ్లు కాదు, 12 చాలు. రింగు పెద్దదిగా, 20 అడుగులది కావాలి. గ్లవ్స్ 10 ఔన్సులవి కావాలి. వింటే చిల్లర విషయాల్లా ఉంటాయి. కానీ లెనార్డ్ చాలాకాలం ఆటకి దూరంగా ఉన్నాడు, 13వ రౌండుకి ఊపిరి ఆడదు. కాళ్ళతో ఆడేవాడికి పెద్ద రింగులో పారిపోవడానికి చోటుంటుంది. మెత్త ఎక్కువున్న గ్లవ్స్‌లో హాగ్లర్ దెబ్బల వాడి కొంచెం తగ్గుతుంది. మ్యాచ్ 12 రౌండ్లూ నడిచింది. ఇద్దరు జడ్జీలు లెనార్డ్‌కి, ఒకరు హాగ్లర్‌కి ఇచ్చారు. ఎవరు గెలిచి ఉండాల్సిందన్న వాదన ఇప్పటికీ తెగలేదు. హాగ్లర్ మళ్ళీ రింగెక్కలేదు. ఇంకో మూడు రౌండ్లుంటే? అది ఊహించుకోవడం తప్ప చేసేదేం లేదు.

ఇవాళ మగవాళ్ళ ప్రపంచ టైటిల్ ఫైట్లన్నీ 12 రౌండ్లే. ఆ మార్పు వెనక ఒక చావు ఉంది. 1982 నవంబరులో కొరియా బాక్సర్ డుక్ కూ కిమ్, రే మాన్సినీతో 14వ రౌండు దాకా పోరాడి పడిపోయి, కొన్ని రోజుల్లో చనిపోయాడు. ముందు డబ్ల్యూబీసీ, కొన్నేళ్ళకి మిగతా సంస్థలు 15ని 12 చేశాయి. రింగు కొలతలు, ఎవరు ముందు నడుచుకుంటూ రావాలి, ఓడితే రీమ్యాచ్ హక్కు ఎవరికి అన్నవి మాత్రం ఇప్పటికీ బేరాలే. రీమ్యాచ్ క్లాజ్ ఉందని తెలిస్తే నాకు ఒక్క విషయం అర్థమవుతుంది: ఆ క్లాజ్ రాయించుకున్నవాడికి లోపల ఎక్కడో అనుమానం ఉంది.

కాటా దగ్గర

మ్యాచ్‌కి ముందురోజు ఇద్దర్నీ అందరి ముందూ తూస్తారు. ప్రివ్యూలో నేను ఎక్కువ నమ్మేది ఈ ఒక్క దృశ్యాన్నే. అక్కడ దాచడానికి ఏమీ ఉండదు.

మన యార్డులో కాయ మీద నీళ్ళు చల్లి బరువు పెంచారని తగాదాలవుతుంటాయి. బాక్సర్ దీనికి సరిగ్గా ఎదురు పని చేస్తాడు. ఒంట్లో నీళ్ళు తీసేసి బరువు తగ్గిస్తాడు. తూనికకి ముందు రోజుల్లో ఉప్పు తగ్గించడం, వేడి గదుల్లో చెమట కార్చడం, చివరి రోజు గుక్కెడు నీళ్ళతో సరిపెట్టడం. కాటా దిగీ దిగగానే తాగడం, తినడం మొదలెడతాడు. మర్నాడు రాత్రికి రింగెక్కేసరికి కొన్ని కిలోలు తిరిగొస్తాయి. కాగితం మీద 140 పౌండ్ల వాళ్ళిద్దరు, రింగులో నిజంగా ఎంత బరువున్నారో ఆ ఇద్దరికే ఎరుక. ఈ ఆటలో చెయ్యి తిరిగినవాడికి లాభమే. కానీ నీళ్ళు ఎక్కువ పిండుకున్నవాడు మధ్య రౌండ్లలో కాళ్ళు ఈడుస్తాడు, దెబ్బకి ఓర్చుకోలేడు. ఐబీఎఫ్ కొన్ని మ్యాచ్‌లకి రెండోరోజు ఉదయం మళ్ళీ తూచి, పది పౌండ్లకి మించి పెరగకూడదని నియమం పెట్టింది ఇందుకే.

2024 ఏప్రిల్‌లో బ్రూక్లిన్‌లో జరిగిన డెవిన్ హేనీ, రయన్ గార్సియా మ్యాచ్ చూస్తే కాటా ఎంత పని చేస్తుందో తెలుస్తుంది. హద్దు 140 పౌండ్లు. గార్సియా 143.2 తూగాడు. అంటే కిలోన్నర ఎక్కువ. మ్యాచ్ ఆపలేదు, కానీ ఆ క్షణంలోనే నియమం మారిపోయింది: గార్సియా గెలిచినా బెల్టు రాదు. మర్నాడు అతను హేనీని మూడుసార్లు కింద పడేసి, పాయింట్ల మీద గెలిచాడు. బెల్టు మాత్రం ఓడినవాడి దగ్గరే ఉండిపోయింది. కథ అక్కడితో ఆగలేదు. పరీక్షల్లో ఓస్టరీన్ అనే నిషిద్ధ పదార్థం బయటపడింది. ఏడాది సస్పెన్షన్ పడింది, గెలుపు కూడా రద్దయి, రికార్డులో 'నో కాంటెస్ట్', అంటే ఫలితం లేని మ్యాచ్, అని రాశారు. ఆ రాత్రి మేలుకుని చూసినవాడికి అసలు ఏం చూసినట్టు?

గార్సియా లాంటి ఉదంతం రోజూ జరగదు. మామూలుగా కాటా దగ్గర చూడాల్సినవి చిన్నవి. దవడలు ఎంత లోపలికి పోయాయి, పెదాలు ఎంత ఎండాయి, మెట్లు దిగేటప్పుడు ఎవరైనా చెయ్యి పట్టుకుంటున్నారా. కిందటి మ్యాచ్ ఎంత బరువులో ఆడాడు, ఇప్పుడు పైకొచ్చాడా కిందికొచ్చాడా. హెవీవెయిట్‌కి పైహద్దు లేదు కాబట్టి అక్కడ లెక్క వేరు. ఉసిక్‌తో మొదటి మ్యాచ్‌కి ఫ్యూరీ 262 పౌండ్లు తూగాడు, డిసెంబరులో రెండోదానికి 281. పెరగడం బలమా భారమా అన్నది ముందురోజు రాత్రి జనం తేల్చుకోలేకపోయారు. మర్నాడు ముగ్గురు జడ్జీలూ 116-112తో ఉసిక్‌కి ఇచ్చారు.

రికార్డు చెప్పనివి

"30-0, అందులో 25 నాకౌట్లు" అని పోస్టర్ మీద వేస్తారు. ఆ ముప్ఫై మంది ఎవరో వేయరు. కుర్రాణ్ణి పెంచేటప్పుడు ప్రమోటర్లు ఏరికోరి తేలికపాటి ప్రత్యర్థుల్ని తెస్తారు. ఓటమి లేకపోవడం కంటే, మంచివాడి చేతిలో కింద పడి లేచిన మ్యాచ్ ఒకటుంటే నాకు ఆ బాక్సర్ మీద ఎక్కువ గురి.

ఇంకో పొరపాటు, "అతన్ని వీడు కొట్టాడు, వీణ్ణి నేను కొట్టాను, కాబట్టి అతన్నీ కొడతాను" అనే లెక్క. 1971లో జో ఫ్రేజియర్ మహమ్మద్ అలీని ఓడించాడు. 1973లో జార్జ్ ఫోర్‌మన్ ఆ ఫ్రేజియర్‌ని రెండు రౌండ్లలో ఆరుసార్లు నేల కరిపించాడు. ఈ లెక్కన 1974లో కిన్షాసాలో అలీకి ప్రాణాపాయమే అనుకున్నారు. అలీ తాళ్ళకి ఆనుకుని దెబ్బలు కాచుకుని, ఫోర్‌మన్‌ని అలవనిచ్చి, ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. మీదికొచ్చేవాడు ఫ్రేజియర్. మీదికొచ్చేవాణ్ణి ఎదురుగా నిలబడి పగలగొట్టేవాడు ఫోర్‌మన్. బలమంతా ముందే ఖర్చుపెట్టేవాణ్ణి ఆగి తినేవాడు అలీ. ముగ్గురిలో ఎవరు గొప్ప అన్నదానికి జవాబు ఎదురుగా ఎవరున్నారన్నదాన్ని బట్టి మారుతుంది.

అందుకే నేను రికార్డు పక్కన పెట్టి ముందు చూసేది నిలబడే తీరు. ఎడమచేతివాటం బాక్సర్‌ని 'సౌత్‌పా' అంటారు. కుడిచేతి వాటంవాడూ సౌత్‌పా ఎదురెదురుగా నిలబడితే ఇద్దరి ముందుకాళ్ళూ ఒకదానికొకటి అడ్డొస్తాయి. ఎవడి ముందుపాదం ఎదుటివాడి పాదానికి బయటివైపు ఉంటుందో వాడి వెనకచేతికి దారి తెరుచుకుంటుంది. మ్యాచ్ మొత్తం ఆ అరడుగు నేల కోసం జరుగుతుందన్నా తప్పులేదు. ఉసిక్ సౌత్‌పా. క్రాఫోర్డ్ రెండు వైపులా నిలబడగలడు.

సంక్రాంతికి మన పక్క కోడిపందేల బరుల దగ్గర కుక్కుటశాస్త్రం విప్పి, ఏ రోజు డేగ గెలుస్తుందో, ఏ రోజు కాకి గెలుస్తుందో చెప్పేవాళ్ళుంటారు. బాక్సింగ్ ప్రివ్యూల్లో సగం అదే శాస్త్రం. ఇక పందెం రేట్లంటారా, ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడటాన్ని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది, ఆ జోలికి పోకండి. కానీ ఆ అంకెలు మాత్రం ఒక సంగతి చెబుతాయి: జనం ఎంత గట్టిగా నమ్ముతున్నారో. 1990 ఫిబ్రవరిలో టోక్యోలో మైక్ టైసన్ మీద బస్టర్ డగ్లస్ గెలుపుకి రూపాయికి 42 రూపాయలు ఇస్తామన్నారు. డగ్లస్ పదో రౌండులో టైసన్‌ని నాకౌట్ చేశాడు. వింత ఏమిటంటే, అప్పటిదాకా టైసన్‌ని వాయించేస్తున్నా, ముగ్గురు జడ్జీల్లో ఒకరి కార్డులో టైసనే ఒక పాయింటు ముందున్నాడు, ఇంకొకరి కార్డులో సమానం.

ఒక్క పాయింటు

జడ్జీల దగ్గరికి వచ్చాం కాబట్టి ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్దాం. బావ తప్పు లెక్క వేసేది ఇక్కడే, నేనూ ఏళ్ళపాటు వేశాను.

నాకౌట్ కాకపోతే మ్యాచ్ ముగ్గురు జడ్జీల చేతిలో ఉంటుంది. ప్రతి రౌండూ ఒక విడి మ్యాచ్. రౌండు గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9. ఒకసారి కింద పడితే మామూలుగా 10-8. గట్టి దెబ్బలు శుభ్రంగా తగిలించిందెవరు, ముందుకొచ్చి ఫలితం రాబట్టిందెవరు, ఆట తన దారిలో నడిపిందెవరు, బాగా కాచుకుందెవరు అని చూస్తారు. ఒక రౌండుని వెంట్రుకవాసిలో గెలిచినా 10-9, ఉతికి ఆరేసినా, కింద పడకపోతే, దాదాపు ఎప్పుడూ 10-9. ఎన్ని దెబ్బలు కొట్టాడన్న మొత్తం లెక్కకి విలువ లేదు. కొంచెం కొంచెంగా ఏడు రౌండ్లు గెలిచినవాడు, అయిదు రౌండ్లలో చితక్కొట్టినవాణ్ణి 115-113తో ఓడిస్తాడు. ఎన్నికల్లో ఓట్లు ఎక్కువ తెచ్చుకుని సీట్లు తక్కువ గెలిచిన పార్టీని తలుచుకోండి.

అంకెలు చదవడం దీంతో తేలికవుతుంది. పడిపోవడాలేవీ లేని 12 రౌండ్ల మ్యాచ్‌లో 115-113 అంటే ఏడు-అయిదు. 116-112 అంటే ఎనిమిది-నాలుగు. 114-114 అంటే చెరి ఆరు. 118-110 అంటే పది-రెండు. 2017లో కనెలో, కజకిస్థాన్ బాక్సర్ గొలొవ్కిన్ ఆడిన మొదటి మ్యాచ్‌లో ఒక జడ్జి గొలొవ్కిన్‌కి 115-113 ఇచ్చారు, ఇంకొకరు 114-114, మూడోవారు కనెలోకి 118-110. ముగ్గురూ కూర్చున్నది ఒకే రింగు చుట్టూ. ఫలితం డ్రా. డ్రా అయితే బెల్టు పాత ఛాంపియన్ దగ్గరే ఉంటుంది, కాబట్టి ఛాలెంజర్‌కి సమానంగా ఆడితే చాలదు.

ఇప్పుడు ఉసిక్, ఫ్యూరీ మొదటి మ్యాచ్ జరిగిన ఆ రియాద్ రాత్రి. మనకి తెల్లవారుజాము. ఉసిక్ దగ్గర డబ్ల్యూబీఏ, ఐబీఎఫ్, డబ్ల్యూబీఓ బెల్టులు, ఫ్యూరీ దగ్గర డబ్ల్యూబీసీ. మధ్య రౌండ్లలో ఫ్యూరీది పైచెయ్యి. తొమ్మిదో రౌండులో ఉసిక్ ఎడమచెయ్యి తగిలి ఫ్యూరీ తూలిపోయాడు. ఒక తాళ్ళ నుంచి ఇంకో తాళ్ళకి బంతిలా కొట్టుకుపోయాడు. పూర్తిగా కింద పడలేదు. కానీ నియమం ఏమంటే, తాళ్ళే లేకపోతే పడిపోయేవాడే అని రెఫరీకి అనిపిస్తే అది పడినట్టే. రెఫరీ అడ్డం వెళ్ళి, పడినవాడికి పెట్టినట్టే ఎనిమిది దాకా లెక్క పెట్టాడు. రౌండు 10-8 అయింది.

కార్డులు: ఒకరు 115-112 ఉసిక్‌కి. ఒకరు 114-113 ఉసిక్‌కి. ఒకరు 114-113 ఫ్యూరీకి.

చీటీ వెనక రాసుకుంటూ చూడండి. మొదటివారు ఉసిక్‌కి ఏడు రౌండ్లిచ్చారు, మూడోవారు ఫ్యూరీకి ఏడిచ్చారు. మధ్యలో వారి కార్డు చెరి ఆరు. ఆరు పదులు అరవై, ఆరు తొమ్మిదులు యాభైనాలుగు, ఉసిక్‌కి 114. ఫ్యూరీకీ అంతే రావాలి, తొమ్మిదో రౌండులో 9 బదులు 8 పడింది కాబట్టి 113. ఆ లెక్క పెట్టడం జరగకపోయి, ఆ రౌండు 10-9గా ఉండి ఉంటే కార్డులు 115-113, 114-114, 113-115. డ్రా. హెవీవెయిట్‌లో నాలుగు బెల్టుల ఛాంపియన్ ఆ రాత్రి పుట్టేవాడే కాదు. ఎవరి బెల్టులు వాళ్ళు భుజాన వేసుకుని వెళ్ళేవాళ్ళు.

రెఫరీ ఆపకుండా వదిలేస్తే ఉసిక్ అక్కడే ముగించేవాడని ఒక వాదన. ఆ లెక్క పెట్టిన కొన్ని సెకన్లే ఫ్యూరీని గంట దాకా నిలబెట్టాయని దాని అర్థం. నాకు అందులో కొంత నిజం కనిపిస్తుంది. కానీ నియమం ప్రకారం రెఫరీ చేసింది సరైనదే.

దీన్ని రాబోయే మ్యాచ్‌కి ఎలా వాడుకోవాలి? ఎవరు గెలుస్తారని కాకుండా, ఎవరికి ఏ రౌండ్లు వస్తాయని అడగండి. నిదానంగా మొదలుపెట్టే బాక్సర్ మొదటి నాలుగూ వదిలేస్తే, మిగిలిన ఎనిమిదిలో ఏడు గెలవాలి, లేదా ఆరు గెలిచి ఒకసారైనా పడగొట్టాలి. అది అతనివల్ల అవుతుందా? చివరి మూడు రౌండ్లలో ఊపిరి ఎవరిది? మ్యాచ్ ఎవరి సొంత ఊళ్ళో? జనం అరుపులకి దగ్గరి రౌండ్లు ఎటు వాలతాయో ఊహించడానికి పెద్ద శాస్త్రం అక్కర్లేదు.

ఇక టైము. అమెరికా పడమటి ఒడ్డున శనివారం రాత్రి జరిగే అసలు మ్యాచ్ మనకి ఆదివారం ఉదయం ఎనిమిదిన్నర, తొమ్మిదిన్నర మధ్య పడుతుంది. సౌదీలో అయితే తెల్లవారుజాము మూడు దాటాక. పోస్టర్ మీద వేసే టైము మొదటి చిన్న మ్యాచ్‌ది. దాన్ని నమ్మి నిద్ర పాడుచేసుకోకండి.

పోయిన ఆదివారం యార్డుకి సెలవు. బావ పొద్దున్నే ఇడ్లీ పొట్లం పట్టుకుని వచ్చాడు. ఉసిక్, ఫ్యూరీ మొదటి మ్యాచ్ పెట్టించి, కామెంటరీ సౌండ్ పూర్తిగా తీసేయమన్నాడు. కొట్టు చీటీల పుస్తకంలో ఒక చీటీ చింపి, గీత గీసి రెండు వైపులా పేర్లు రాశాడు. ప్రతి రౌండూ అయ్యాక నాకు కనపడకుండా అంకె వేసుకున్నాడు, సరుకు తూకం రాసుకున్నంత శ్రద్ధగా. పన్నెండూ అయ్యాక కూడి, మళ్ళీ కూడి, చీటీ నా ముందు పెట్టాడు.

114-113. ఫ్యూరీకి.

"నాలుగో రౌండు చూశావా అసలు?" అన్నాను. మ్యాచ్ మళ్ళీ మొదటికి తిప్పాం. ఇడ్లీలు చల్లారిపోయాయి.